పాత పద్యంలో మాట పోతే ఎట్లా వెతుకుతారు? ఎంతవరకు పూడ్చొచ్చు?

ఈరోజు మనం మాట్లాడుకునేది చుక్కల గురించి. ఆకాశంలో చుక్కలు కాదప్పా, పాత పద్యాల పుస్తకాల్లో కనపడే చుక్కలు.

మీలో చాలామంది పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు ఫోన్‌లో దించుకుని చదువుతున్నారు. సంతోషం. అట్లా చదివేటప్పుడు ఒక్కోసారి పద్యం మధ్యలో నాలుగైదు చుక్కలు వరసగా కనపడతాయి. రెండు మాటలున్నాయి, తర్వాత చుక్కలు, మళ్ళీ ఒక మాట. కింద చిన్న అక్షరాల్లో ‘గ్రంథపాతము’ అని ఉంటుంది. అంటే ఆ చోట కవి రాసింది పోయింది, దొరకలేదు అని అర్థం. ఇంకొన్ని పుస్తకాల్లో చుక్కలు ఉండవు గానీ, ఎంత చదివినా అర్థం కుదరని మాట ఒకటి ఉంటుంది. అది కవి వాడిన కష్టమైన మాటా, లేక అచ్చు వేసినాయన పొరపాటా? చదివేవాళ్ళకు తెలియదు.

ఇప్పుడు ఏఐకి ఆ పాదం ఇచ్చి ఖాళీ నింపమంటే ఒక్క క్షణంలో నింపి ఇస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది కూడా. కానీ ఆ మాట ఎవరిది? కవిదా, మెషీన్‌దా? రేపు దాన్నే నువ్వు స్టేటస్ పెట్టుకుంటే, ఎల్లుండి ఇంకొకరు దాన్ని కవి మాటగానే నమ్ముతారు. ఈ ఎపిసోడ్ అంతా ఈ ప్రశ్న చుట్టే తిరుగుతుంది. పాత పద్యాలను సరిచేసి అచ్చు వేసే పండితులను ‘పరిష్కర్తలు’ అంటారు. పోయిన మాటను వాళ్ళు ఎట్లా వెతుకుతారు, ఎక్కడ ఆగిపోతారు అనేది చూద్దాం.

అసలు మాటలు ఎట్లా పోతాయి?

మన పాత కావ్యాలు చాలావరకు తాటాకుల మీద బతికాయి. గంటంతో ఆకు మీద గీకి, మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం కనపడుతుంది. ఆకు ఎండితే అంచులు విరుగుతాయి. పురుగు పడితే బొక్కలు పడతాయి. చెదలు పడితే కట్ట మొత్తం పోతుంది. అందుకే కొన్నేళ్ళకొకసారి పాత కట్ట చూసి కొత్త కట్ట రాయించుకునేవాళ్ళు. మన వరకు వచ్చింది సాధారణంగా కవి చేత్తో రాసిన ఆకు కాదు. నకలుకు నకలు, దానికి మళ్ళీ నకలు.

నకలు రాసేవాడు కూడా మనిషే గదా. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, అక్షరాలన్నీ రైలు పెట్టెల్లాగా అతుక్కుని పోతుంటాయి. ‘ప’కూ ‘వ’కూ తేడా ఎంత? ‘వ’కూ ‘మ’కూ? ‘ధ’కూ ‘థ’కూ? ఒక చిన్న గీత, ఒక చుక్క. పైగా రెండు పాదాల్లో ఒకే మాట వస్తే కన్ను జారి, మధ్యలోదంతా వదిలేసి కింద పాదంలోకి దూకుతుంది. అట్లా ఒక పాదం పోతుంది, ఎవరూ గమనించరు. ఈ కష్టం లేఖకులకూ తెలుసు. అందుకే కట్ట చివర, చూసింది చూసినట్టు రాశాను, తప్పుంటే నన్ను అనొద్దు అనే అర్థం వచ్చే శ్లోకం రాసిపెట్టే అలవాటు ఉండేది.

ఆ తర్వాత అచ్చు యంత్రం వచ్చింది. ఇక్కడ పని చేసేది గంటం కాదు, సీసపు అక్షరాలు. ఒక్కో అక్షరం ఏరి వరసలో పేర్చాలి. ఒక కొమ్ము తప్పిపోయినా, ఒక ఒత్తు తారుమారైనా మాట మారిపోతుంది. అచ్చుతప్పులకు మనవాళ్ళు ‘ముద్రారాక్షసాలు’ అని పేరు పెట్టారు. పాత పుస్తకాల చివర ‘తప్పొప్పుల పట్టిక’ అని ఒక పేజీ ఉంటుంది. ఫలానా పుట, ఫలానా పంక్తి, తప్పు ఇది, ఒప్పు ఇది అని. మనం చాలాసార్లు చూడకుండా దాటేస్తాం గానీ అది చాలా నిజాయితీ ఉన్న పేజీ. పీడీఎఫ్ తెరిచినప్పుడు ముందు ఆ పేజీ చూడండి, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

మొదటి ఆయుధం: ఇంకో ప్రతి

ఒక ప్రతిలో మాట పోతే, పండితుడు చేసే మొదటి పని ఊహించడం కాదు. ఇంకో ప్రతి వెతకడం. ఒక ఊర్లో పురుగు తిన్న చోటనే ఇంకో ఊరి కట్టలో కూడా పురుగు తినదు గదా. రెండూ పక్కపక్కన పెడితే ఒకదాని బొక్క ఇంకొకదాంట్లో నిండుతుంది.

ఈ పనికి మన కడపలోనే గట్టి ఉదాహరణ ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తర్వాత వేరే ఊర్లు తిరిగి 1826లో మళ్ళీ కడపకు వచ్చాడు. ఇక్కడ ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఒక కావ్యం తీసుకుంటే దాని ప్రతులు ఎన్ని దొరికితే అన్ని, ఎక్కడెక్కడి నుంచో తెప్పించేవాడు. పద్యాలకు నంబర్లు వేయించి, పక్కన ఖాళీ స్థలం వదిలి శుభ్రమైన నకలు రాయించేవాడు. ఆ తర్వాత పండితులు చుట్టూ కూర్చుని ఒక్కో ప్రతిలో ఒక్కో పద్యం ఎట్లా ఉందో చదివేవాళ్ళు. తేడా వచ్చిన చోట వాదించుకునేవాళ్ళు. తేల్చినదాన్ని ఆ ఖాళీలో ఎక్కించేవాళ్ళు. ఆ పండితుల్లో ముఖ్యుడు జూలూరి అప్పయ్య. ఆయన వ్యాఖ్యానంతోనే 1851లో బ్రౌన్ మనుచరిత్రను అచ్చు వేయించాడు.

ఇట్లా ప్రతికీ ప్రతికీ ఉండే తేడాను ‘పాఠాంతరం’ అంటారు. ‘పాఠభేదం’ అని కూడా అంటారు. మంచి పరిష్కర్త తనకు నచ్చిన పాఠాన్ని పైన పెట్టి, మిగతావాటిని పుట అడుగున ఇస్తాడు. ఎందుకంటే ఆయన తీర్పు రేపు తప్పని తేలొచ్చు. అప్పుడు వెతుక్కోవడానికి మిగతా సాక్ష్యం అక్కడే ఉండాలి.

కడప ఎర్రముక్కపల్లెలో ఆ బంగళా ఉన్న చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల, బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం లేచింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. మన వైపు నుంచి కడపకు కాలేజీకి పోయే పిల్లలు ఒకసారి లోపలికి పోయి చూడండి.

రెండో ఆయుధం: ఛందస్సు

ఇంకో ప్రతి దొరకలేదు, ఉన్నది ఒక్కటే అనుకుందాం. అప్పుడు? అప్పుడు పద్యమే సాక్ష్యం చెబుతుంది. వచనంలో మాట పోతే ఎంత పోయిందో కూడా తెలియదు. పద్యంలో అట్లా కాదు, ప్రతి పాదానికీ కొలత ఉంది.

ఛందస్సు అనగానే భయపడొద్దు. రెండే కొలతలు. పొట్టి అక్షరం లఘువు, పొడుగు అక్షరం గురువు. దీర్ఘం ఉన్నా, సున్న ఉన్నా, వెనకనే ఒత్తక్షరం వచ్చినా అది గురువు. ఆటవెలది పద్యంలో రెండో పాదం, నాలుగో పాదం తీసుకుంటే ఐదూ సూర్యగణాలే ఉండాలి. సూర్యగణం రెండే రకాలు. మూడు లఘువులు, లేదంటే ఒక గురువు ఒక లఘువు. ఆపైన యతి. పాదం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి కుదరాలి. హల్లు కలవాలి, దాని మీద ఉన్న అచ్చు కూడా కలవాలి.

ఏ కవిదీ కాకుండా, ఈ ఎపిసోడ్ కోసం నేనే కట్టిన ఒక పాదం చూడండి.

మంచి మాట వినిన ( . . . ) నిండు

మంచి, ఒక గురువు ఒక లఘువు. మాట, అదే. వినిన, మూడు లఘువులు. నాలుగో గణం పోయింది. నిండు, గురువు లఘువు. ఇప్పుడు ఆ ఖాళీలో ఏముందో వెతుకుదాం.

‘గుండె’ పెట్టి చూడండి. అర్థం బాగుంది. గురువు లఘువు, గణం కూడా సరిపోయింది. కానీ యతి? పాదం ‘మం’తో మొదలైంది, ఇక్కడ ‘గు’ వచ్చింది. కుదరదు. ‘చెవులు’ అంటే? మూడు లఘువులే గానీ ‘చె’కూ ‘మం’కూ పొత్తు లేదు. పోనీ ‘మనస్సు’? యతి కుదిరింది, కానీ ‘స్సు’ ఒత్తు వల్ల ముందున్న ‘న’ గురువైపోయింది. గణం చెడింది. ‘మనసు’ అంటే? మూడు లఘువులు, మొదట ‘మ’. సరిపోయింది!

చూశారా, వెయ్యి మాటలు పట్టే ఖాళీని ఛందస్సు నాలుగైదు మాటలకు తెచ్చేసింది. ఇప్పటి పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, బ్యాంకు వాళ్ళ ఓటీపీ లాంటిదన్న మాట. తప్పు నంబరు కొడితే తలుపు తెరుచుకోదు.

ఖాళీలే కాదు, అచ్చుతప్పులు కూడా ఇట్లానే దొరుకుతాయి. ఇంకో పాదం, ఇదీ నేను కట్టిందే.

కులము పట్టువాడు కపటి కాడు

చదివితే తప్పేమీ కనపడదు. అర్థం కూడా ఏదో ఉన్నట్టే ఉంది. గణాలు సరిగ్గా ఉన్నాయి. కానీ యతి చూడండి. మొదట ‘కు’, నాలుగో గణంలో ‘క’. హల్లు ఒకటే, అచ్చు వేరు. ‘ఉ’కారానికీ ‘అ’కారానికీ మైత్రి లేదు. అంటే ఎక్కడో ఒక కొమ్ము ఎక్కువ పడింది. ఆ కొమ్ము తీసేయండి. కలము పట్టువాడు కపటి కాడు. ఒక్క కొమ్ముతో కలం కులమైపోయింది! అర్థం తలకిందులైంది. ఛందస్సు లేకుంటే ఈ దొంగ దొరికేవాడు కాదు.

ఛందస్సుకు కూడా అందనివి

ఇంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటే. మొదటి పాదానికి మళ్ళీ వెళదాం. ‘మనసు’ సరిపోయింది గదా. ‘మనము’ పెట్టి చూడండి. మనము అన్నా మనసే. అదీ సరిపోతుంది. ‘మదియు’ పెట్టండి. అదీ సరిపోతుంది. మూడింటికీ గణం ఉంది, యతి ఉంది, అర్థం ఉంది. కవి రాసింది మాత్రం ఒక్కటే. ఏది?

దీనికి ఛందస్సు దగ్గర జవాబు లేదు. ఛందస్సు కాదనగలదు, ఇదే అని చెప్పలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఏఐ అయినా, పండితుడైనా, గణాలు కుదిరాయి కాబట్టి ఇదే కవి మాట అంటే నమ్మకూడదు. కుదిరే మాట వేరు, కవి రాసిన మాట వేరు.

ఇంకో చిక్కు ఉంది. కవి కావాలనే యతి వదిలేసి ఉంటే? జనం నోట్లో పుట్టి జనం నోట్లో పెరిగిన పద్యాల్లో లెక్క అటూ ఇటూ అవుతుంది. దాన్ని చూసి నకలు రాసే పండితుడు, అయ్యో తప్పు అని దిద్దేస్తాడు. పద్యం బాగుపడినట్టు కనపడుతుంది, కవి గొంతు పోతుంది. అందుకే ఒక మాట గుర్తుంచుకోవాలి. దిద్దాల్సింది ప్రతిని, కవిని కాదు.

మూడో చిక్కు మన ప్రాంతానికి బాగా దగ్గరిది. మా పెద్దముడియం వైపు నల్లరేగడి నేలలు, శనగ పంట. ఇక్కడ దున్నేదాన్ని మడక అంటాం. కోస్తా వైపు నాగలి అంటారు. ఒక రాయలసీమ కవి పద్యంలో ‘మడక’ అని రాశాడనుకోండి. దూరప్రాంతంలో ఆ మాట తెలియని లేఖకుడు ఏం చేస్తాడు? ఇది మడమ అయి ఉంటుందిలే అని మార్చేస్తాడు. మడక, మడమ, రెండూ మూడు లఘువులే, రెండూ ‘మ’తోనే మొదలు. ఛందస్సు నోరు మెదపదు. పద్యంలో సేద్యం పోయి కాలి నొప్పి వస్తుంది!

అందుకే ప్రపంచంలో ఎక్కడైనా పాత గ్రంథాలు పరిష్కరించేవాళ్ళు పాటించే సూత్రం ఒకటుంది. రెండు ప్రతుల్లో రెండు మాటలుంటే, తెలిసిన సులువైన మాటను వెంటనే పట్టుకోవద్దు. తెలియని మాటే పాతది కావచ్చు. ఎందుకంటే లేఖకుడు తెలియని మాటను తెలిసిన మాటగా మారుస్తాడు గానీ, తెలిసినదాన్ని తెలియనిదిగా ఎందుకు మారుస్తాడు? ఇదేమీ కొట్టివేయలేని చట్టం కాదు, కానీ మంచి హెచ్చరిక.

మరి ఆ తెలియని మాట నిజంగా ఉందో లేదో ఎట్లా తేల్చాలి? నిఘంటువులు చూడాలి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వాళ్ళు భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తెచ్చారు. 1962లో వచ్చిన మొదటి సంపుటమే వ్యవసాయ పదాలది. ఏ జిల్లాలో దేన్ని ఏమంటారో రైతులను అడిగి రాసుకున్నారు. పుస్తకంలో దొరక్కపోతే మీ ఇంట్లో అవ్వ ఉంది, తాత ఉన్నాడు. మనం వాడుక మానేసిన మాటలు వాళ్ళ నోట్లో ఇంకా ఉన్నాయి. ఒక్కో మాట వాళ్ళతోపాటు పోతే, ఆ మాట ఉన్న పద్యాన్ని రేపు ఎవడో అచ్చుతప్పు అనుకుని దిద్దేస్తాడు. నష్టం అక్కడ ఉంది.

దొరకనప్పుడు ఏం చేయాలి?

ఇంకో ప్రతి లేదు, ఛందస్సు తేల్చలేదు, నిఘంటువు చెప్పలేదు. అప్పుడు మంచి పరిష్కర్త ఏం చేస్తాడు? ఖాళీని ఖాళీగా చూపిస్తాడు. ఇది చేతకానితనం కాదు. చాలా ధైర్యం కావాల్సిన పని.

మన పక్కనే, ఎర్రగుంట్ల మండలం కలమల్లలో, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఉంది. క్రీస్తుశకం 575 ప్రాంతానిది. తెలుగులో దొరికిన మొదటి పూర్తి స్థాయి శాసనంగా దాన్ని చెప్పుకుంటాం. అది పద్యం కాదు, కానీ మన విషయానికి సరిగ్గా సరిపోతుంది. దాని మధ్యలో కొన్ని పంక్తులు అరిగిపోయి చదవడానికి రావు. అంత గొప్ప శాసనం గదా అని చరిత్రకారులు ఆ పంక్తులను సొంతంగా రాసి కలిపారా? లేదు. ఉన్నంత చదివి, పోయినచోట పోయిందనే గుర్తు పెట్టారు. తెలుగు పుట్టుక గురించి మాట్లాడే రాతిలో ఖాళీ ఉన్నా ఎవరి గౌరవమూ తగ్గలేదు.

ఇట్లాంటి గుర్తులకు ప్రపంచవ్యాప్తంగా ఒక పద్ధతి ఉంది. 1931లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పండితులు కలిసి శాసనాలు, పాత పత్రాల అచ్చుకు గుర్తులు ఒప్పుకున్నారు. పరిష్కర్త ఊహించి పూడ్చిన అక్షరాలు చదరపు బ్రాకెట్లలో ఉండాలి. సగం చెరిగి అనుమానంగా కనపడే అక్షరం కింద చుక్క ఉండాలి. చదివేవాడికి చూడగానే తెలిసిపోతుంది, ఏది రాయి చెప్పింది, ఏది పండితుడు చెప్పాడు అని.

మన దేశంలోనూ పెద్ద ఉదాహరణ ఉంది. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ సంస్కృత మహాభారతానికి సంశోధిత ప్రతి తయారు చేసింది. 1,259 వ్రాతప్రతులు పరిశీలించి, దశాబ్దాల పాటు పనిచేసి 1966లో ముగించారు. అందులో కచ్చితంగా చెప్పలేని మాటల కింద అలల్లాంటి వంకర గీత వేశారు. ఇంత పనిచేసినా ఇక్కడ మాకు అనుమానం ఉంది అని ప్రతి చోటా ఒప్పుకున్నారన్న మాట. తెలుగు భారతానికి కూడా ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇట్లాంటి సంశోధిత ముద్రణ తెచ్చారు.

పూడ్చినవాళ్ళు కూడా ఉన్నారు

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. మరి ఎర్రన ఏం చేశాడు? పూడ్చాడు గదా?

అవును. నన్నయ పదకొండో శతాబ్దంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో అరణ్యపర్వం మిగతా భాగం ఖాళీగానే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన దాన్ని పూర్తి చేశాడు. ఆయన పద్ధతి చూడండి. తన కాలపు రాజు పేరు పెట్టలేదు. నన్నయకు భారతం రాయమన్న రాజరాజనరేంద్రుడికే అంకితంగా, నన్నయ రాసినట్టే నడిపించాడు. అయినా ఎర్రన పూర్తి చేసిన సంగతి అందరికీ తెలుసు. ఎక్కడ నన్నయ ఆగాడో, ఎక్కడ ఎర్రన అందుకున్నాడో ఈరోజుకీ పద్యం నంబరుతో సహా చూపిస్తారు.

ఇంకో ఉదాహరణ పోతన భాగవతం. మన కడప జిల్లా ఒంటిమిట్టకూ పోతనకూ ఉన్న అనుబంధం గురించి మీకు తెలిసిందే. ఆ భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమై పోతే వేరే కవులు పూర్తి చేశారని చెబుతారు. ఐదో స్కంధం గంగన, ఆరో స్కంధం సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ. ఇది మనకెట్లా తెలుసు? వాళ్ళు తమ భాగాల చివర గద్యలో తమ పేర్లు పెట్టుకున్నారు. పోతన పేరు వెనక దాక్కోలేదు. భక్తి ఉంది, కలిసి పాడారు, కానీ ఎవరి గొంతు ఎవరిదో చెప్పారు.

పూడ్చకుండా వదిలేసినదానికి కూడా ఉదాహరణ చెబుతా. తాళ్ళపాక అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని చెబుతారు. తిరుమలలో రాగిరేకుల మీద దొరికినవి అందులో సగం కూడా లేవు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి మహా పండితులు ఆ రేకులు పరిష్కరించారు. వాళ్ళకు పద్యం కట్టడం రాక కాదు గదా! ఉన్నవాటిని జాగ్రత్తగా అచ్చుకు ఎక్కించారు. లేనివి లేవు.

కాబట్టి పూడ్చడం పాపం కాదు. పూడ్చిన సంగతి దాచడమే తప్పు.

దాస్తే ఏమవుతుంది?

వేమనను చూడండి. ఆయన చేత్తో రాసిన కట్ట ఏదీ మనకు దొరకలేదు. జనం నోట్లో, రకరకాల ప్రతుల్లో పద్యాలు నిలిచాయి. బ్రౌన్ 1829లో అచ్చు వేసిన పుస్తకంలో 693 పద్యాలున్నాయి. పదేళ్ళ తర్వాత, 1839లో, ఆయనే వేసిన రెండో పుస్తకంలో 1,164. ఆ తర్వాతి కాలంలో ఐదువేల వేమన పద్యాలు అనే పేరుతోనే సంపుటం వచ్చింది. వేమన చనిపోయాక కూడా రాస్తూనే ఉన్నాడా ఏంది?

కొత్త ప్రతులు దొరికి పెరిగినవి కొన్ని. ఒకే పద్యం రెండు మూడు రూపాల్లో చేరి పెరిగినవి కొన్ని. ఎవరో కట్టి వేమన మకుటం తగిలించినవి ఇంకొన్ని. చివర మకుటం ఒకటి ఉంటే చాలు, ఏ పద్యమైనా వేమనదైపోతుంది. ఇట్లా తర్వాత చేర్చినవాటిని ‘ప్రక్షిప్తాలు’ అంటారు. కులం గురించి, గుడి గురించి, డబ్బు గురించి అంత కటువుగా మాట్లాడినాయన నోట్లో ఎవడికి కావాల్సిన మాట వాడు పెట్టొచ్చు. పదునైన మాటను మెత్తబరచొచ్చు కూడా. ఆయన వచ్చి కాదని చెప్పలేడు గదా. చనిపోయిన మనిషి మాటకు కాపలా ఎవరు? ప్రతులు పక్కన పెట్టుకుని కూర్చున్న పరిష్కర్త, జాగ్రత్తగా చదివే పాఠకుడు. అంతే.

ఒక్క మినహాయింపు చెప్పాలి. మన రేనాడులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద, బుడ్డా వెంగళరెడ్డి మీద జనం పాడుకునే పాటలున్నాయి. ఒక్కో గాయకుడు ఒక్కో రకంగా పాడతాడు. అక్కడ అసలు ప్రతి ఏది అని వెతకడం సరికాదు. ప్రతి గొంతూ అసలే. ఎవరు, ఏ ఊర్లో, ఎప్పుడు పాడారో రాసుకుంటే చాలు.

మన చేతిలో ఫోన్ ఉంది, ఏం చేద్దాం?

ఒకటి. ఇంట్లోనో, గుళ్ళోనో తాటాకు కట్ట, పాత పుస్తకం కనపడితే, యజమానిని అడిగి, పగటి వెలుతురులో వరస తప్పకుండా ఫోటోలు తీయండి. అతుక్కున్న ఆకులను బలవంతంగా విడదీయొద్దు. టేపు అంటించొద్దు. చెరిగిన అక్షరాన్ని పెన్నుతో దిద్దొద్దు, ఎంత బాగా తెలిసినా సరే. తర్వాత కడపలోని బ్రౌన్ కేంద్రం లాంటి చోట చూపించండి.

రెండు. పద్యం టైప్ చేసేటప్పుడు కనపడింది కనపడినట్టు కొట్టండి. తప్పనిపిస్తే దాన్ని మార్చకుండా, కింద విడిగా రాయండి. ఇక్కడ ఇట్లా ఉంది, ఇది అయి ఉండొచ్చు అనుకుంటున్నా, కారణం ఇది అని. చదవలేని చోట చుక్కలు పెట్టండి. కీబోర్డు సొంతంగా దిద్దే సౌకర్యాన్ని ఆ కాసేపు ఆపేయండి. అది మడకను మడమ చేసే కొత్త లేఖకుడు!

మూడు. తెలుగు వికీసోర్స్ అని ఒకటుంది. పాత పుస్తకాల బొమ్మ ఒక పక్క, టైపు చేసిన పాఠం ఇంకో పక్క ఉంటుంది. ఎవరైనా పోల్చి దిద్దొచ్చు. ఒకరు సరిచూస్తే పుట పసుపు రంగులోకి మారుతుంది, రెండో మనిషి మళ్ళీ సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. కడప బంగళాలో పండితులు చుట్టూ కూర్చుని చేసిన పనే, ఇప్పుడు ఎవరి ఊర్లో వాళ్ళు కూర్చుని చేయొచ్చు. రోజుకు ఒక్క పుట చాలు.

నాలుగు. ఏఐని వాడుకోండి, వద్దనను. ఈ ఖాళీలో పట్టే మాటలు ఏవేవి అని అడగండి, జాబితా ఇస్తుంది. గణాలు, యతి మీరు సరిచూసుకోండి, అందులో అది తప్పులు చేస్తుంది. అన్నీ కుదిరినా సరే, ఆ మాటను బ్రాకెట్‌లో పెట్టండి. బ్రాకెట్ లేకుండా ఫార్వర్డ్ చేయొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లోపు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, మీకు అర్థం తెలియని సేద్యం మాటలు ఐదు రాసుకోండి. ఆ మాట ఎవరు చెప్పారో, ఏ ఊరో పక్కన రాయండి. ఎప్పుడో ఒకరోజు ఏదో పద్యంలో చుక్కల పక్కన ఆ మాట అవసరం పడొచ్చు.

ఉంటాను. మళ్ళీ కలుద్దాం.